గుండె తలుపులు, గుండె కరెంటు: వంశానిదెంత, వాడదెంత?

"వాళ్ల వంశంలోనే ఉందమ్మా గుండె జబ్బు." ఈ మాట మన వాడల్లో విననివాళ్లు ఉండరు. ఒకే ఇంట్లో అక్కకీ తమ్ముడికీ ఆయాసం వస్తే ఈ మాటే. బడిలో పరిగెత్తుతూ పడిపోయిన పిల్లగాడు మళ్లీ లేవకపోతే ఈ మాటే. కాన్పుకి పోయిన ఆడమనిషికి అక్కడే "గుండెలో వాల్వు చెడిపోయింది" అని చెబితే, ఇంటికొచ్చాక ఇదే మాట. డాక్టరు కూడా "మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?" అని అడుగుతాడు గనక మనకి నమ్మకం ఇంకా గట్టిపడుతుంది.

ఈ మాట ఒక్కోసారి నిజం. చాలాసార్లు అబద్ధం. ఏది నిజమో ఏది అబద్ధమో తెలియకపోతే రెండు విధాలా నష్టపోతాం. నిజంగా వంశంలో వచ్చే జబ్బుని గాలి, ధూళి, మూర్ఛ అనుకుని పిల్లల్ని పోగొట్టుకుంటాం. వంశంతో పెద్దగా పనిలేని జబ్బుని తలరాత అనుకుని, దాన్ని తెచ్చిపెట్టిన ఇరుకు కొంపనీ మందులేని దవాఖానానీ నిలదీయడం మానేస్తాం. పుట్టుకని బట్టి మనిషి ఇట్లాంటివాడని తేల్చే సమాజంలో 'పుట్టుకతో వచ్చింది' అనే మాట ఎంత ప్రమాదమో మనకి వేరే చెప్పనక్కర్లేదు. అందుకే గుండె వారసత్వం మీద గత అరవై, డెబ్భై ఏళ్లలో సైన్సు ఏం తేల్చిందో, ఏం తేల్చలేదో ఒకసారి వివరంగా చూద్దాం.

తలుపులూ, కరెంటూ

గుండెలో నాలుగు గదులు, నాలుగు తలుపులు. తలుపులంటే కవాటాలు, జనం భాషలో వాల్వులు: ఎడమపక్కన మైట్రల్, అయోర్టిక్, కుడిపక్కన ట్రైకస్పిడ్, పల్మొనరీ. రక్తం ముందుకే పోవాలి, వెనక్కి రాకూడదు. ఈ తలుపుల పని అదే. రోజుకి సుమారు లక్షసార్లు అవి తెరుచుకుని మూసుకుంటాయి. తలుపు సరిగా మూసుకోకపోతే రక్తం వెనక్కి కారుతుంది. సరిగా తెరుచుకోకపోతే రక్తం వెనకే ఆగి ఊపిరితిత్తుల్లోకి ఎగదన్నుతుంది. ఆయాసం, కాళ్లవాపు, రాత్రి పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చోవడం, ఇవన్నీ అక్కడినుంచి వచ్చేవే.

తలుపులు వాటంతట అవి కదలవు. గుండె కండరం ముడుచుకుంటేనే రక్తం కదులుతుంది, రక్తం తోస్తేనే తలుపు తెరుచుకుంటుంది. కండరం ముడుచుకోవాలంటే కరెంటు కావాలి. ఆ కరెంటు తీగల్లో పారేది కాదు. ఉప్పులో ఉండే సోడియం, కొబ్బరినీళ్లలో ఉండే పొటాషియం, ఎముకల్లో ఉండే కాల్షియం, ఇవే ఆవేశం ఉన్న కణాలుగా, అయాన్లుగా, గుండె కణాల లోపలికీ బయటికీ రాకపోకలు చేస్తాయి. ఆ రాకపోకలే కరెంటు.

కణం చుట్టూ కొవ్వు పొర ఉంటుంది. అయాన్లు దాన్ని దాటలేవు. దాటడానికి ఆ పొరలో ప్రొటీన్లతో కట్టిన సన్నని దారులున్నాయి. వీటినే అయాన్ చానెళ్లంటారు. సోడియంకి ఒక దారి, పొటాషియంకి ఇంకో దారి. సమయం వచ్చినప్పుడు తెరుచుకుంటాయి, లేనప్పుడు మూసుకుంటాయి. ముందు సోడియం లోపలికి దూకుతుంది, దాంతో కణం ఉత్తేజపడుతుంది. తర్వాత కాల్షియం వస్తుంది, కండరం ముడుచుకుంటుంది. చివరికి పొటాషియం బయటికి పోతుంది, కణం మళ్లీ నెమ్మదించి తర్వాతి దెబ్బకి సిద్ధమవుతుంది. ఇదంతా సెకనులో మూడోవంతో, అంతకి కాస్త ఎక్కువో.

ఈసీజీ కాగితం మీద కనిపించే కొండలూ లోయలూ ఈ రాకపోకల నీడలే. అందులో క్యూ నుంచి టి చివరిదాకా ఉండే దూరాన్ని క్యూటీ అంటారు. గుండె ఒకసారి ఉత్తేజపడి మళ్లీ నెమ్మదించడానికి పట్టే కాలం అది. ఈ కాలం ఉండాల్సినదానికన్నా సాగితే, తర్వాతి దెబ్బ తొందరపడి మధ్యలో దూరే ప్రమాదం ఉంది. అప్పుడు గుండె లయ తప్పి వణుకుతుంది. రక్తం కదలదు. మనిషి పడిపోతాడు. లయ తిరిగొస్తే లేస్తాడు. రాకపోతే లేవడు.

నార్వే ఇంటి పిల్లలు, ఈగ కాళ్లు

1957లో నార్వే దేశంలో జెర్వెల్, లాంగె-నీల్సన్ అనే ఇద్దరు డాక్టర్లు ఒక కుటుంబం గురించి రాశారు. ఆరుగురు పిల్లలు. అందులో నలుగురికి పుట్టు చెవుడు. ఆ నలుగురికీ ఊరికే స్పృహ తప్పుతుండేది. ముగ్గురు నాలుగేళ్లకి, అయిదేళ్లకి, తొమ్మిదేళ్లకి ఉన్నట్టుండి చనిపోయారు. తల్లిదండ్రులు మాత్రం ఆరోగ్యంగా ఉన్నారు. పిల్లల ఈసీజీల్లో క్యూటీ బాగా సాగి ఉంది. 1963లో ఇటలీలో రొమానో, 1964లో ఐర్లండులో వార్డ్, చెవుడు లేకుండానే ఇదే జబ్బు వచ్చే కుటుంబాల గురించి రాశారు. ఇక్కడ తల్లికో తండ్రికో ఉంటే చాలు, ప్రతి బిడ్డకీ సగానికి సగం అవకాశం.

కారణం ఏమిటో తెలియడానికి ఇంకో ముప్పై ఏళ్లు పట్టింది. అమెరికాలోని యూటాలో మార్క్ కీటింగ్ బృందం పెద్ద పెద్ద కుటుంబాల రక్తాన్ని పరిశీలించి 1991లో ఒక జన్యువు పదకొండో క్రోమోజోము మీద ఉందని గుర్తించింది. 1995లో రెండు జన్యువులు దొరికాయి. ఒకటి పొటాషియం దారిని కట్టే హెర్గ్, రెండోది సోడియం దారిని కట్టే ఎస్‌సిఎన్5ఏ. 1996లో ఆ పదకొండో క్రోమోజోము మీది జన్యువు కూడా దొరికింది. ఇప్పుడు దాన్ని కెసిఎన్‌క్యూ1 అంటారు. అది కూడా పొటాషియం దారే. చెవి లోపలి ద్రవంలో పొటాషియం నిలవాలన్నా ఇదే దారి కావాలి. నార్వే పిల్లలకి గుండె జబ్బూ చెవుడూ కలిసి ఎందుకొచ్చాయో ఇట్లా అర్థమయింది.

హెర్గ్ కథ వినతగ్గది. 1960లలో పండ్ల మీద వాలే చిన్న ఈగల మీద పనిచేస్తున్న శాస్త్రజ్ఞులు, ఈథర్ మత్తు ఇస్తే కొన్ని ఈగలు కాళ్లు టకటకా ఆడించడం చూశారు. అప్పటి నాట్యశాలల డాన్సు గుర్తొచ్చి ఆ జన్యువుకి 'ఈథర్-ఎ-గో-గో' అని పేరు పెట్టారు. దానికి చుట్టమైన జన్యువు మనిషిలో 1994లో దొరికింది. మరుసటేడే అది గుండె జబ్బులో తేలింది. ఈగ కాలిని చూసినవాడు మనిషి ప్రాణం గురించి ఆలోచించలేదు. అయినా ఆ దారే ఇక్కడికి చేర్చింది. "ఈగల మీద పరిశోధన దండగ" అనేవాళ్లకి ఇదొక జవాబు.

ఇంకో సంగతి కూడా తేలింది. జన్యువులో లోపం లేకపోయినా కొన్ని మందులు ఈ హెర్గ్ దారినే మూసేస్తాయి. జలుబుకీ దురదకీ వాడిన టెర్ఫెనడీన్ అనే మందుని ఈ కారణంతోనే అమెరికాలో 1998లో ఆపేశారు. 2005లో అంతర్జాతీయ మార్గదర్శకాలు వచ్చాక, కొత్త మందులు క్యూటీని సాగదీస్తాయా లేదా అని పరీక్షించడం తప్పనిసరి పద్ధతి అయింది. అరుదైన జబ్బున్న కొన్ని కుటుంబాల రక్తం మందులు మింగే అందరికీ రక్షణ అయింది. ఈ మాట గుర్తుంచుకోండి, రక్తం ఎవరిదనే ప్రశ్న దగ్గర మళ్లీ పనికొస్తుంది.

వాల్వు వారసత్వం

ఇక తలుపుల సంగతి. కొందరికి వాల్వు లోపం నిజంగానే వంశంలో వస్తుంది. అయోర్టిక్ వాల్వుకి మూడు రేకులుండాలి. నూటికి ఒకరిద్దరికి రెండే ఉంటాయి. చాలామందికి దాంతో ఏళ్ల తరబడి ఇబ్బంది రాదు. కొందరికి ఆ వాల్వు ముందుగానే గట్టిపడి పూడుకుపోతుంది. 2005లో అమెరికా పరిశోధకులు రెండు కుటుంబాల్లో దీనికి నాచ్1 అనే జన్యువు లోపం కారణమని చూపారు. 2007లో ఫ్రాన్సులోని నాంట్ నగర పరిశోధకులు ఇంకో రకం వాల్వు జబ్బుకి ఫిలమిన్-ఏ అనే జన్యువు లోపం కారణమని తేల్చారు. ఈ జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. మగవాళ్లకి ఎక్స్ ఒక్కటే గనక వాళ్లకి జబ్బు ముదురుతుంది, ఆడవాళ్లలో తేలిగ్గా ఉంటుంది. 2015లో మైట్రల్ వాల్వు వెనక్కి వంగే జబ్బుకి కారణమయ్యే డిసిహెచ్‌ఎస్1 జన్యువు దొరికింది.

వీటిలో ఎక్కువ జన్యువులు కరెంటు దారులవి కావు. వాల్వు అల్లికకీ, కణాల అమరికకీ సంబంధించినవి. అయితే తలుపుకీ చానెల్‌కీ సంబంధమే లేదని కూడా కాదు. రక్తం రాపిడిని పసిగట్టే పీజో1 అనే చానెల్ ఒకటుంది. జీబ్రాచేప పిల్లల్లో అది పనిచెయ్యకపోతే గుండె బయటిదారి వాల్వు సరిగా ఏర్పడదని 2019, 2020 సంవత్సరాల్లో వచ్చిన పరిశోధనలు చూపాయి. అంటే పిండంలో ఉన్నప్పుడే పారే రక్తం తన తలుపుని తాను మలుచుకుంటుందన్నమాట.

ఇదంతా గొప్ప పరిశోధనే. కానీ ఇక్కడ మనం ఆగి ఒక ప్రశ్న వెయ్యాలి. మన వాడలో వాల్వు చెడిపోయినవాళ్లలో ఎక్కువమందిది ఈ జబ్బేనా?

కాదు. అది వాడ జబ్బు

మన దగ్గర పిల్లలకీ, పడుచువాళ్లకీ వాల్వులు చెడగొట్టేది ముఖ్యంగా రుమాటిక్ జ్వరం. గొంతులో స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి చేరుతుంది. గొంతునొప్పి, జ్వరం వస్తాయి. అయిదు నుంచి పదిహేనేళ్ల పిల్లలకి ఎక్కువ. రెండుమూడు వారాలకి కీళ్లు వాస్తాయి, ఒక కీలు తగ్గుతుంటే ఇంకోటి పట్టుకుంటుంది. సూక్ష్మజీవి మీదికి పోవాల్సిన శరీర రక్షణ బలగం, పోలిక వల్ల పొరపడి సొంత వాల్వు మీదికే పోతుంది. కీళ్లవాపు తగ్గిపోతుంది, దాంతో అందరూ మర్చిపోతారు. వాల్వు మీది గాయం మాత్రం ఉంటుంది. జ్వరం తిరిగొచ్చిన ప్రతిసారీ గాయం ముదురుతుంది. పదేళ్లకో పదిహేనేళ్లకో, చాలామంది ఆడవాళ్లకి మొదటి కాన్పులో, అది బయటపడుతుంది.

మరి ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఎందుకొస్తుంది? ఒకే గదిలో ఆరుగురు పడుకుంటే ఒకరి గొంతులోది అందరి గొంతుల్లోకీ పోతుంది. అంతకన్నా పెద్ద రహస్యం లేదు. నిజం చెప్పాలంటే కొంత జన్యు పాత్ర కూడా ఉంది. కవలల మీద చేసిన పరిశోధనల్లో, ఒకే పోలిక కవలల్లో ఒకరికొస్తే రెండోవారికి వచ్చే అవకాశం మామూలు కవలల కన్నా ఎక్కువని తేలింది. కానీ ఆ సూక్ష్మజీవి సోకకుండా ఏ జన్యువూ ఈ జబ్బుని తేలేదు. యూరప్, అమెరికాల్లో ఈ జబ్బు పెన్సిలిన్ రాకముందే తగ్గడం మొదలైంది. ఇళ్లు వెడల్పయ్యాయి, ఇరుకు తగ్గింది. ఆ జనం జన్యువులు ముప్పై, నలభై ఏళ్లలో మారిపోయాయా? లేదు. మారింది ఇల్లు. అదే ఆస్ట్రేలియాలో తెల్లవాళ్లలో దాదాపు మాయమైన ఈ జబ్బు అక్కడి ఆదివాసుల్లో నేటికీ ఉంది. న్యూజిలాండులో మావోరీల్లో ఉంది.

లెక్కలు చూడండి. 2015లో ప్రపంచంలో 3 కోట్ల 34 లక్షలమందికి రుమాటిక్ గుండెజబ్బు ఉందని, ఆ ఒక్క ఏడు 3 లక్షల 19 వేలమంది చనిపోయారని అంచనా. రోగుల సంఖ్య ఎక్కువున్న దేశాల్లో మనదొకటి. ప్రపంచ ఆరోగ్య సభ దీనిమీద ప్రత్యేకంగా తీర్మానం చేసింది 2018లో.

మందు కొత్తది కాదు, ఖరీదైనది కాదు. బెంజథీన్ పెన్సిలిన్ ఇంజెక్షన్. ఒకసారి రుమాటిక్ జ్వరం వచ్చిన పిల్లకి మూడు, నాలుగు వారాలకోసారి, ఏళ్ల తరబడి ఇవ్వాలి. 2022లో అచ్చయిన ఉగాండా పరిశోధన చూడండి. ఎకో పరీక్షలో వాల్వు గాయం తొలిదశలో కనిపించిన 818మంది పిల్లల్ని రెండు గుంపులు చేశారు. ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లలో రెండేళ్లకి జబ్బు ముదిరింది ముగ్గురికి, నూటికి ఒక్కరు కూడా లేరు. తీసుకోనివాళ్లలో 33మందికి, నూటికి ఎనిమిది మంది. ఇంత తేడా తెచ్చేది ఒక పాత ఇంజెక్షన్.

అది అందకపోతే చివరికి మిగిలేది ఆపరేషన్. తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థలో డాక్టర్ ఎం.ఎస్. వలియత్తాన్ బృందం మన దేశంలోనే తయారుచేసిన వాల్వుని 1990 డిసెంబరులో మొదటిసారి మనిషికి అమర్చారు. దిగుమతి వాల్వు కొనలేనివాళ్లకి అది పెద్ద ఊరట. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక పేదలు కూడా ఈ ఆపరేషన్ల దాకా రాగలిగారు. మంచిదే. కానీ లోహపు వాల్వు పెట్టించుకున్న మనిషి జీవితాంతం రక్తం గడ్డకట్టకుండా మాత్ర మింగాలి, తరచు రక్తపరీక్ష చేయించుకోవాలి. కూలికి పోయే మనిషికి దెబ్బ తగిలితే రక్తం ఆగదు. ఆడమనిషికి గర్భం వస్తే ఆ మాత్రతోనే చిక్కు. ఇంజెక్షన్ దగ్గర ఆపగలిగిన జబ్బుని ఆపరేషన్ బల్ల దాకా రానిచ్చి, ఆ తర్వాత ఉచితం అనడం ఎట్లాంటి న్యాయం?

గిట్‌క్‌సాన్ ప్రజల గుండె

ఇప్పుడు వంశానిదే అయిన జబ్బు దగ్గరికి పోదాం. కెనడాలో బ్రిటిష్ కొలంబియా రాష్ట్రం ఉత్తరాన, స్కీనా నది ఎగువన గిట్‌క్‌సాన్ అనే ఆదివాసీ ప్రజలున్నారు. భూమి హక్కు కోసం పోరాడినవాళ్లు. వాళ్ల ముసలివాళ్లు చెప్పే కథలకీ పాటలకీ సాక్ష్యం విలువ లేదని 1991లో కింది కోర్టు తోసేస్తే, 1997లో కెనడా సుప్రీంకోర్టు ఆ తీర్పుని కొట్టేసి, నోటి చరిత్రని కూడా సాక్ష్యంగా తూచాలని చెప్పింది. డెల్గముక్ కేసుగా అది ప్రసిద్ధం.

ఈ ప్రజల్లో క్యూటీ సాగే జబ్బు ఎక్కువ. మామూలుగా రెండువేలమందిలో ఒకరికి ఉండే జబ్బు, ఇక్కడ సుమారు 125మందిలో ఒకరికి ఉందని అంచనా. లారా ఆర్బర్ అనే జన్యువైద్యురాలి బృందం కారణాన్ని 2008లో ప్రచురించింది. కెసిఎన్‌క్యూ1 దారిలో 205వ స్థానంలో ఉండాల్సిన వాలీన్ అనే ముక్క బదులు మెథియొనీన్ ఉంది. ఒక్క ముక్క తేడా. ఎప్పుడో ఒక పూర్వీకుడికో పూర్వీకురాలికో వచ్చిన మార్పు తరతరాలుగా దిగింది. ఇట్లాంటిదాన్ని మూలపురుష ప్రభావం అంటారు. మూలస్త్రీ ప్రభావం అని ఎందుకనకూడదో గానీ, పుస్తకాల్లో పేరు అదే.

మనకి ముఖ్యమైంది ఆ జన్యువు ఒక్కటే కాదు, పరిశోధన జరిగిన తీరు. సమాజాన్ని భాగస్వామిగా పెట్టుకుని చేశారు. అట్లా చెయ్యాల్సి రావడానికి వెనక ఒక చేదు చరిత్ర ఉంది. అదే రాష్ట్రంలో వాంకూవర్ దీవిలోని నూచానుల్త్ ప్రజల దగ్గర 1980లలో 883మంది రక్తం తీసుకున్నారు. కీళ్లవాతం మీద పరిశోధన అన్నారు. పరిశోధకుడు ఉద్యోగం మారినప్పుడల్లా రక్తం కూడా ఆయన వెంట అమెరికాకి, ఇంగ్లండుకి పోయింది. కీళ్లకి సంబంధం లేని పూర్వీకుల వలసల పరిశోధనకి వాడారు. ఇచ్చినవాళ్లని అడగలేదు. 2004లో గానీ ఆ రక్తం తిరిగి రాలేదు.

అమెరికాలో గ్రాండ్ కేనియన్ లోయలో ఉండే హవసుపాయ్ ప్రజలది ఇంకో కథ. 1990 నుంచి ఆరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు మధుమేహం పేరుతో రక్తం తీసుకున్నారు. తర్వాత అదే రక్తాన్ని స్కిజోఫ్రినియా మీద, దగ్గరి సంబంధాల పెళ్లిళ్ల మీద, వలసల మీద పరిశోధనలకి వాడారు. 2010లో రాజీ కుదిరింది. యూనివర్సిటీ 41మందికి 7 లక్షల డాలర్లు ఇచ్చి రక్తం తిరిగిచ్చింది.

ఈ అనుభవాల నుంచే 2006లో ఆర్బర్, డోరిస్ కుక్ కలిసి ఒక సూత్రం ప్రతిపాదించారు. ఇచ్చిన డీఎన్‌ఏ అరువు మాత్రమే. సొంతదారు ఇచ్చిన మనిషీ ఆ సమాజమూ, పరిశోధకుడు కాపలాదారు. ఒప్పుకున్న పనికి మించి వాడాలంటే మళ్లీ వచ్చి అడగాలి. భూమిని కౌలుకిచ్చిన మాత్రాన కౌలుదారు దాన్ని అమ్మేసుకోలేడు గదా! అంతే.

హైదరాబాదు, కులం, జన్యువు

మన దగ్గర కథ ఏమిటి? 2009లో హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రజ్ఞులతో సహా ఒక బృందం గుండె కండరానికి సంబంధించిన ఎమ్‌వైబిపిసి3 జన్యువు గురించి ప్రచురించింది. ఆ జన్యువులో 25 అక్షరాలు తెగిపోయిన మార్పు ఈ ఉపఖండంలో నూటికి సుమారు నలుగురిలో ఉంది. పెద్ద వయసులో గుండె కండరం దెబ్బతినడానికీ దానికీ సంబంధం ఉందని చెప్పారు. తర్వాత 2018లో అమెరికాలోని దక్షిణాసియా వాళ్ల మీద వచ్చిన పరిశోధన ఇంకో మెలిక చూపింది. ఆ తెగిన మార్పు ఒక్కటే ఉన్నవాళ్లందరికీ ప్రమాదం సమానం కాదు. దానితోపాటు ఇంకో మార్పు కూడా ఉన్న కొందరిలోనే గుండె తీరు తేడాగా ఉంది. అంటే జన్యువు ఉంది గనక జబ్బు ఖాయం అనే మాట సైన్సుదే కాదు.

గమనించాల్సింది ఇది. వేల ఏళ్లనాటి ఆ మార్పు కులాలనీ భాషలనీ దాటి ఉంది. పైకులం కింది కులం అని చూసుకోలేదు. కులం రక్తశుద్ధి కోసం పుట్టిందనే వాదనకి ఆధారం లేదని అంబేడ్కర్ 1936లోనే 'కులనిర్మూలన'లో వాదించారు. జన్యుశాస్త్రం కూడా, ఈ నేల మీది జనం ఒకప్పుడు విస్తారంగా కలిశారని, తర్వాతే గీతలు గీసుకుని విడిపోయారని 2013లో లెక్కలతో చూపింది. ఆ కలయిక జరిగిన కాలాన్ని 4,200 నుంచి 1,900 ఏళ్ల కిందటిదిగా లెక్కకట్టారు.

ఆ గీతలే జబ్బులు పెంచాయి. 2017లో వచ్చిన ఇంకో పరిశోధన దక్షిణాసియాలో 263 సమూహాల్ని చూస్తే, 81 సమూహాల్లో మూలపురుష ప్రభావం బలంగా ఉంది. అంటే కొద్దిమంది పూర్వీకుల సంతతి, వాళ్లలో వాళ్లే పెళ్లిళ్లు, లోపమున్న జన్యువు రెండు పక్కలనుంచీ బిడ్డకి చేరే అవకాశం ఎక్కువ. ఆ పరిశోధకులు చూపిన ఉదాహరణ మన తెలుగు నేలదే. వైశ్యుల్లో ఒక ఎంజైము లోపం ఎక్కువగా ఉండి, మత్తుమందులో వాడే ఒక మందు అంత త్వరగా దిగదు. మత్తుడాక్టర్లకి ఈ సంగతి ముందే తెలుసు. ఇది ఏ కులాన్నీ ఎగతాళి చెయ్యడానికి చెప్పడం లేదు. దళిత ఉపకులాల్లో కూడా బయటి పెళ్లిళ్లు అరుదే, అక్కడా ఇట్లాంటివి ఉంటాయి. చెప్పేదేమంటే, 'శుద్ధి' అని గొప్పగా చెప్పుకున్నది జీవశాస్త్రంలో ఒక ఇరుకు. కులం దాటిన పెళ్లి గురించి మనం న్యాయం కోసం మాట్లాడుతున్నాం. ఆరోగ్యం కూడా ఆ పక్షానే ఉంది.

మేనరికాల మాట కూడా చెప్పుకోవాలి. మేనమామకీ మేనబావకీ ఇచ్చుకోవడం తెలుగువాళ్లలో అన్ని కులాల్లోనూ ఉంది. నార్వే పిల్లలకి వచ్చిన జబ్బు తల్లీతండ్రీ ఇద్దరినుంచీ లోపం దిగితేనే వచ్చేది. దగ్గరి సంబంధాల్లో ఆ ప్రమాదం పెరుగుతుంది. అందుకే పుట్టు చెవుడున్న పిల్ల ఊరికే స్పృహతప్పి పడిపోతుంటే ఒక్క ఈసీజీ తీయించడం తప్పనిసరి. బధిరుల పాఠశాలల్లో పనిచేసే ఉపాధ్యాయులు ఈ ఒక్క వాక్యం గుర్తుంచుకున్నా ఈ వ్యాసం రాసిన కష్టం తీరినట్టే.

చెయ్యగలిగినవి

ముందు పడిపోయే పిల్లల సంగతి. కెసిఎన్‌క్యూ1 లోపమున్నవాళ్లు పరుగులో, ముఖ్యంగా ఈతలో పడిపోతారు. బాగా ఈత వచ్చిన పిల్లగాడు బావిలో మునిగిపోతే "గంగమ్మ లాక్కుంది" అంటాం. హెర్గ్ లోపమున్నవాళ్లు ఉన్నట్టుండి వినిపించే శబ్దానికి, అలారం మోతకి పడిపోతారు. సోడియం దారి లోపమున్నవాళ్లకి ప్రమాదం నిద్రలో ఎక్కువ. మూర్ఛ మందులు వాడుతున్నా తగ్గకపోతే, ఇంట్లో చిన్నవయసులో హఠాత్తుగా పోయినవాళ్లుంటే, ఈసీజీ తీసి క్యూటీ కొలవమని డాక్టర్ని అడగాలి. ఇది మండల కేంద్రంలో దొరకగలిగిన పరీక్ష. జబ్బు తేలితే చాలామందికి ప్రొప్రనొలాల్ లాంటి చౌక మాత్రతో ప్రమాదం బాగా తగ్గుతుంది. కొందరికే గుండెలో యంత్రం పెట్టాల్సి వస్తుంది.

ఇట్లాంటివాళ్లు కొన్ని మందులకి దూరంగా ఉండాలి. అందులో ఎరిత్రోమైసిన్ ఒకటి. పెన్సిలిన్ పడనివాళ్లకి రుమాటిక్ జ్వరం రాకుండా ఇచ్చేది కూడా ఇదే. అంటే ఒకే మాత్ర ఒక పిల్లకి రక్ష, ఇంకో పిల్లకి ముప్పు. డాక్టరు చీటీ లేకుండా కొట్టులో మాత్రలు కొనుక్కునే మన అలవాటు ఎంత ప్రమాదమో చూడండి. విరేచనాల్లో పొటాషియం పడిపోయినా క్యూటీ సాగుతుంది గనక వీళ్లకి ఓఆర్‌ఎస్ నీళ్ల విషయంలో అశ్రద్ధ పనికిరాదు.

రెండోది గొంతునొప్పి సంగతి. సంక్షేమ హాస్టళ్లలో పిల్లలు ఇరుకు గదుల్లో పడుకుంటారు. జ్వరంతో గొంతునొప్పి వచ్చిన ప్రతి పిల్లనీ చూపించాలి. కీళ్లవాపు వచ్చి తగ్గిన పిల్లల పేర్లు ఒక పుస్తకంలో రాసిపెట్టాలి. ఇంజెక్షన్ తేదీ దాటితే అడిగేవాళ్లుండాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బెంజథీన్ పెన్సిలిన్ నిల్వ ఉందా లేదా అని సంఘాలు నెలనెలా అడగాలి. ఇది జెండా పట్టుకుని చేసే ధర్నా అంత ఆకర్షణగా ఉండదు. కానీ ప్రాణాలు నిలిపేది ఇదే.

మూడోది రక్తం సంగతి. రేపు ఎవరో ఒక సంస్థ నుంచి మన వాడకొచ్చి సిరంజి తీస్తారు. రావాలి కూడా. మన రక్తం పరిశోధనలో లేకపోతే మన జబ్బులకి మందులు పుట్టవు. వద్దని తరిమేయడం జవాబు కాదు. అయితే అడగాలి. దేనికోసం తీస్తున్నారు? ఎక్కడ దాస్తారు, ఎన్నేళ్లు? వేరే పనికి వాడాలంటే మళ్లీ వచ్చి అడుగుతారా? ఫలితం నాకు చెబుతారా, జబ్బు తేలితే మందు ఎవరిస్తారు? నా కులం పేరు కాగితంలో ఎట్లా రాస్తారు? భారత వైద్య పరిశోధన మండలి 2017లో తెచ్చిన నైతిక మార్గదర్శకాల ప్రకారం, అర్థమయ్యే భాషలో చెప్పి సమ్మతి తీసుకోవడం పరిశోధకుడి బాధ్యత. కనుక ఇది దయ కాదు, మన హక్కు. వేలిముద్ర వేసే అమ్మకి కూడా హక్కే.

వంశంలో వచ్చేదానికి ఈసీజీ, మాత్ర, అడిగి తీసుకున్న రక్తం. వాడలో వచ్చేదానికి వెడల్పైన ఇల్లు, గొంతునొప్పికి వైద్యం, తప్పిపోని ఇంజెక్షన్. రెండూ కావాలి. ఈసారి ఎవరైనా "వాళ్ల వంశంలోనే ఉందమ్మా" అంటే, అక్కడితో మాట ముగించొద్దు. "ఏ జబ్బు? ఎవరు చూశారు? ఆ ఇంట్లో ఎన్ని గదులు?" అని అడగండి.